దోబ్రి బావ లైసెన్సుకి నలభయ్యో రోజు

లిపోవ్‌దోల్
ఆగస్టు 30

వర్నా సముద్రం ఒడ్డున కాలు చాపుకుని కూర్చున్న దోబ్రి బావకి,

నీ కుక్క బారుత్ నమస్కారాలు చెప్పమంది. నేను మాత్రం చెప్పను. ఊరొదిలి వెళ్ళి ఇన్నాళ్ళైనా నాకొక్క ముక్క రాయలేదు నువ్వు. ఫోన్ చేద్దామంటే నీ చెవులు తుపాకీ మోతలకి ఎప్పుడో పోయాయి. నేనిక్కడ అరవడం, నువ్వక్కడ "ఆఁ?" అనడం, మధ్యలో మా అక్క విని ఇద్దర్నీ కలిపి తిట్టడం. అందుకే కాగితం. దీంట్లో నన్ను ఎవరూ మధ్యలో ఆపలేరు.

కొత్త మోకాలు ఎలా ఉంది? పాతదాన్ని ఆస్పత్రివాళ్ళు ఏం చేశారు? అడిగి తెచ్చుకుని ఉంటే బారుత్‌కి పనికొచ్చేది.

ఊరంతా కాల్చిన మిరపకాయల వాసన. ప్రతి వాకిట్లో పొయ్యి, ప్రతి పొయ్యి దగ్గర ఒక మసిమొహం. మా ఆవిడ గీనా సీసాలు నింపుతూనే ఉంది. చలికాలంలో యుద్ధం వస్తుందని తనకి ఎవరో చెప్పినట్టున్నారు.

సరే, సంగతి. వేట లైసెన్సు ఫీజు మళ్ళీ పెరిగింది. కిందటేడు పెరిగినప్పుడు "ఇంక దీనికి మించి ఏం పెంచుతార్లే" అన్నావు చూడు, అది ఎవరో విన్నారు. పోనీ అదొక్కటేనా? సంఘం చందా, బీమా, తుపాకీ పెట్టెకి తనిఖీ, పైగా మనకి మతి స్థిమితంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్. ఇవన్నీ కట్టి ఇంకా వేటకెళ్తానన్నవాడికి మతి ఉందని ఏ డాక్టరు రాస్తాడు, నువ్వే చెప్పు.

ఒక్కొక్కరే జారుకుంటున్నారు. పోస్టుమ్యాన్ వుల్చో తుపాకీ అమ్మేసి తేనెటీగలు కొన్నాడు. రొట్టెల కొట్టు తానాస్ ఇప్పుడు ఫోనుతో పందుల ఫోటోలు తీసి, "దీన్ని నేను దయతలచి వదిలేశా" అని అందరికీ చూపిస్తున్నాడు. పందులకి ఎలా తెలిసిందో గానీ, పట్టపగలు మొక్కజొన్న చేలో పన్నులవాళ్ళలాగా తిరుగుతున్నాయి. నిన్న ఒకటి చర్చి వెనకాల పడుకుని ఉంది. నన్ను చూసి మర్యాదకైనా లేవలేదు.

నవ్వింది చాలు. పదికి ఒక్కడు తగ్గినా మన జట్టు రద్దు. అడవి, మీ నాన్న చేత్తో కట్టిన గుడిసె, అందులో వేలాడే కాగుతో సహా జబార్కా ఊరి జట్టులో కలిపేస్తారు. అంటే ఆ లాజో చేతికి పోతుంది. వాడు మొన్నే వచ్చాడు, టేపు పట్టుకుని. మన గుడిసె కిటికీలు కొలుచుకున్నాడు. ఎందుకురా అంటే కర్టెన్లకట. వేటగుడిసెకి కర్టెన్లు, బావా.

నిన్ను కలుపుకుంటే సరిగ్గా పదిమందిమి. అక్టోబరు నెలాఖరు లోపల టౌన్లో కట్టాలి. ఎప్పుడొస్తున్నావో రాయి.

నీ పెళ్ళానికి తమ్ముడు, నీకు శని,
పెన్యో

* * *

వర్నా
సెప్టెంబరు 6

ఒరే పెన్యో,

రాను. కట్టను.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దును గానీ మీ అక్క పూర్తి కాగితం ఇచ్చింది, వృథా చెయ్యొద్దంది.

ఆ ఫీజుకి తాతముత్తాతల పేర్లన్నీ తెలిసిన పెంపుడు పందే వస్తుంది, తనే నడుచుకుంటూ ఇంటికొస్తుంది. వయసొచ్చింది, మోకాలు ఇనుముది, చెవులు లేవు. అడవిలో నాకేం పని? నా తుపాకీ తుప్పు పట్టినా ఇంక నాకు అక్కర్లేదు.

ఇక్కడ బాగానే ఉంది. మా అమ్మాయి రూస్కా రోజూ చేపే పెడుతుంది. పొద్దున చేప, రాత్రి అదే చేప సూపులో. బాల్కనీలో కూర్చుంటే సీగల్ పక్షులు వచ్చి నా రొట్టె ఎత్తుకుపోతాయి. నేను చేత్తో గురిపెట్టి చూస్తాను, అవి భయపడవు. చేతికి లైసెన్సు లేదని వాటికీ తెలుసేమో.

మీ అక్క సంబరపడిపోతోంది. నలభై ఏళ్ళుగా శని, ఆదివారాలు మొగుడు లేని ఇల్లు చూశానంటుంది. ఇప్పుడు వారమంతా ఉన్నాను కదా, ఆ సంబరం ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

కాబట్టి నా లైసెన్సు చచ్చిపోయిందనుకోండి. నాలుగు మంచి మాటలు చెప్పి పాతిపెట్టండి. అడవి మాత్రం లాజోకి పోనివ్వకు. ఇంకెవడినైనా చూసి పదోవాణ్ణి చెయ్యి. ఎనభై మూడులో నేను కొట్టిన ఆ ముసలిపంది నాదేనని, నేను చచ్చేదాకా వాడు ఒప్పుకోడు.

బారుత్‌కి ఎముకలు వెయ్యి. నీ కబుర్లు వెయ్యకు, దానికి అరగవు.

దోబ్రి

* * *

లిపోవ్‌దోల్
సెప్టెంబరు 18

పరమపదించిన లైసెన్సుకి యజమానీ, నా బావా,

నువ్వు చెప్పినట్టే చేశా. జీవితంలో మొదటిసారి నీ మాట విన్నానని మా అక్కకి చెప్పు.

పాతిపెట్టమన్నావుగా. ఊరికే పాతిపెడితే ఏం బాగుంటుంది? మన ఊళ్ళో మనిషి పోతే ఏం చేస్తాం, కరెంటు స్తంభాలకి చావు నోటీసు అంటిస్తాం. నలభై ఆరేళ్ళు నీ ఎడం జేబులో బతికిన లైసెన్సుకి ఆపాటి గౌరవం లేదా? టౌన్లో ప్రింటు కొట్టుకెళ్ళి వేయించా. ఇదీ రాసిన ముక్క:

"తీరని దుఃఖంతో తెలియజేయునది. దోబ్రి కోలెవ్ గారి వేట లైసెన్సు, ఏటేటా పెరిగే ఫీజుల జబ్బుతో తీసుకుని తీసుకుని కన్నుమూసినది. దుఃఖించువారు: భార్య (నవ్వుతూ), కుక్క (ఆకలితో), బావమరిది (దాహంతో)."

బాగుంది కదూ? కొట్లో అమ్మాయి దగ్గర నల్ల అంచుతో తయారుగా నమూనా ఉంది. అందులో పేరు వేలెడంత లావు అక్షరాల్లో వస్తుంది, మిగతాది చీమల బారులాగా ఉంటుంది. పైన ఫోటోకి గడి ఉంది, ఖాళీగా వదిలితే బాగుండదంది. లైసెన్సు మీద ఉన్నది నీ మొహమే కాబట్టి నీ మొహమే ఇచ్చా. ఎనభై మూడు పంది మీద కాలు పెట్టిన ఫోటో. పందిని కోసేసి నిన్ను మాత్రం ఉంచింది, సిలువ కూడా తనే వేసింది.

బస్టాపు దగ్గర, కొట్టు ముందు, చర్చి గేటుకి, గుడిసె తలుపుకి అంటించా. లాజో చూసి ఏడవాలని జబార్కా స్తంభాలకి కూడా నాలుగు.

ఇందాకే రాదా పిన్ని గుడిసె దగ్గరికి చావులకి పెట్టే ఉడికించిన గోధుమలు పంచదార చల్లి తెచ్చిపెట్టి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. ఒక లైసెన్సు కోసం ఇంతగా ఏడుస్తుందనుకోలేదు. మంచి మనసు. గోధుమలు నేనే తిన్నా. పంచదార తక్కువైంది.

ఇట్లు, దాహంతో,
పెన్యో

* * *

వర్నా
సెప్టెంబరు 24

ఒరే దుర్మార్గుడా,

మొన్న మధ్యాహ్నం తలుపు కొట్టారు. రూస్కా పనికెళ్ళింది, మీ అక్క కిందికెళ్ళింది. నేనే కర్ర పట్టుకుని వెళ్ళి తీశా. మా చిన్నాన్న కూతురు దోన్కా. నల్లబట్టలు, చేతిలో పూలు. లెక్కపెట్టా, చావుకి తెచ్చినట్టు సరిసంఖ్యలో ఉన్నాయి. ఆవిడ తల వంచుకునే "ఎంత పని జరిగిందీ" అంటూ ఆ పూలు నా చేతిలో పెట్టి, ఓదార్పుగా నా భుజం నిమిరి, అప్పుడు మొహమెత్తి చూసింది.

నా గుండె మందు చుక్కలన్నీ ఆవిడకే పోశాం.

నోటీసులో లైసెన్సని రాశానంటావు. ఒరే, మన ఊళ్ళో ఎవడైనా చావు నోటీసు చదవడం ఎప్పుడైనా చూశావా? ఫోటో చూస్తారు, పేరు చూస్తారు, తల ఊపి "మొన్నేగా చూశాం" అనుకుంటూ పోతారు. మిగతా అక్షరాలు ఎవడు చదువుతాడు, అందులోనూ చీమల బారు?

ఫోను మోగుతూనే ఉంది. మీ అక్క "బతికే ఉన్నాడమ్మా" అంటుంది. అవతలివాళ్ళు "అవును స్తాన్కా, మన గుండెల్లో ఎప్పటికీ బతికే ఉంటాడు" అంటారు. "ఇదిగో, ఎదురుగా కూర్చుని చేప తింటున్నాడు" అంటే, "నీకలా కనిపిస్తాడులే, మా ఆయన పోయినప్పుడు నాకూ అలాగే కనిపించేవాడు" అంటారు. నిన్న తను ఫోను నాకిచ్చింది. నాకేం వినపడదు కదా, "ఆఁ?" అన్నా. అవతల ఎవరో ఫోను పడేసి పారిపోయిన చప్పుడైందట.

తక్షణం వెళ్ళి నోటీసులన్నీ పీకెయ్. ఒక్కటి కూడా ఉండకూడదు.

దోబ్రి

మళ్ళీ: ఊరికే అడుగుతున్నా. ఎవరెవరు వచ్చారు? లాజో వచ్చాడా?

* * *

లిపోవ్‌దోల్
సెప్టెంబరు 30

గుండెల్లో బతికే ఉన్న బావకి,

నోటీసులు పీకడానికి వెళ్ళాను. ఒట్టు. మొదటి స్తంభం దగ్గరే రాదా పిన్ని చేతికర్రతో నా వేళ్ళ మీద కొట్టింది. చచ్చినవాడి నోటీసు గాలికీ వానకీ పోవాలి గానీ మనుషులు పీకకూడదట. నేను నోరు తెరిచి నిజం చెప్పేలోపల ఇంకో సంగతి జరిగింది. కూర్చుని చదువు.

శనివారం జట్టుకంతా చెప్పేద్దామని గుడిసెకెళ్ళా. మన జట్టు పెద్ద గెంచో అప్పటికే కొవ్వొత్తి వెలిగించి, ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చున్నాడు. గెంచో ఏడవడం నువ్వు ఎప్పుడైనా చూశావా? గేదె తప్పిపోయినా ఏడవనివాడు. చెబుదామని దగ్గినంతలో బయట బళ్ళ చప్పుడు. లాజో. జబార్కా జట్టు మొత్తం వెనకాల. తుపాకులు, నల్లగుడ్డలు, చక్రమంత దండ.

దండ మీద ఏం రాసుందో చెప్పనా? "రెండు ఊళ్ళలోకీ గొప్ప గురికాడికి." నేను రాసింది కాదు. లాజో రాయించింది.

తర్వాత అందరూ వరసగా నిలబడి నీ గౌరవార్థం గాల్లోకి పేల్చారు. వాళ్ళు తుపాకులెత్తారు, నేను గరిటె ఎత్తా, కాగులో చిక్కుళ్ళు మాడుతున్నాయి మరి. రకియా సారా పోశాం. నేల మీద నీకు ఒక చుక్క, మిగతాది మాకు. మూడో గ్లాసుకి లాజో లేచాడు. ఎనభై మూడు పందికి తన గుండు తగలనే లేదని, తను చెట్టుని కొట్టానని, ఆ చెట్టుకి ఇంకా మచ్చ ఉందని, ఇన్నేళ్ళు సిగ్గుతో చెప్పలేదని అందరి ముందూ చెప్పాడు బావా. చెబుతూ జేబులోంచి ఓ కాగితం తీసి ముక్కు చీదుకున్నాడు. అది ఏమనుకున్నావు? మన అడవి తమకి కలపమని టౌనుకి రాసిన అర్జీ.

"దోబ్రి నలభయ్యో రోజు దాటేదాకా ఇంకో అర్జీ రాయను. ఆయన ఆత్మ ఇక్కడే తిరుగుతుంటుంది, ఆయన అడవిని ఎలా అడుగుతాను" అన్నాడు.

ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? నలభయ్యో రోజు నెలాఖరుకే వస్తుంది. అప్పటిదాకా అడవి మనది. అందుకని నీకో చిన్న మనవి. నువ్వు ఇంకొన్నాళ్ళు చచ్చే ఉండు. నాకోసం కాదు, మీ నాన్న గుడిసె కోసం. కర్టెన్లు తలుచుకో.

బారుత్ మాత్రం నోటీసు చదివినట్టుంది. దానికి ఏ విచారమూ లేదు.

పెన్యో

* * *

వర్నా
అక్టోబరు 6

పెన్యో,

ఇంట్లోవాళ్ళ నోట "చచ్చిపోయాడు" అనిపించుకోడం అంత ఆరోగ్యం కాదు. అయినా అడవి కోసం ఓర్చుకుంటున్నా. బాల్కనీలోకి రావడం మానేశా. ఎదురింటి ముసలాయనది మన జిల్లానే.

లాజో అన్న మాటలు నువ్వు సరిగ్గా విన్నావా? "గొప్ప గురికాడు" అన్నాడా, "గొప్పవాళ్ళలో ఒకడు" అన్నాడా? ఏ చెట్టుకి మచ్చ ఉందట? వెళ్ళి చూసిరా. ఆ దండ పారెయ్యకండి. కనీసం రిబ్బను ఉంచండి.

శనివారం వేట మొదలవుతుంది కదా. వాగు మలుపు దగ్గర పెద్ద చెట్టు కింద నా మాటు ఉందే, అక్కడ ఎవర్ని నిలబెడుతున్నారు? ఎవర్నైనా పెట్టండి, నాకేం పట్టింపు లేదు. గెంచోని మాత్రం పెట్టకండి, వాడు దగ్గుతాడు. సిగరెట్టు తాగేవాడూ వద్దు. కొత్తవాడైతే అసలే వద్దు. గాలి పొద్దున వాగు మీద నుంచి వస్తుంది, తొమ్మిది దాటాక తిరుగుతుంది. అప్పుడు చెట్టుకి అటువైపు మారాలి. అది ఎవడికి తెలుసు? పోనీలే. నాకేం పట్టింపు లేదు.

ఇంకో సంగతి రాయకూడదనుకున్నా. నిన్న లాజో మీ అక్కకి ఫోన్ చేశాడు. ఒంటరి ఆడది చెట్టెక్కలేదు కదా, మన దొడ్లో అక్రోటు చెట్టు తను వచ్చి దులిపిపెడతాడట. ఎండబెట్టి, సంచుల్లో పోసి పెడతాడట. నేను పోయి నెల కాలేదు! వాడి పెళ్ళాం పోయి ఎన్నేళ్ళైంది? ఆరోగ్యం ఎలా ఉంటోంది వాడికి? నాకు రాయి.

దోబ్రి

(తమ్ముడూ, స్తాన్కాని. మీ బావ రాత్రుళ్ళు నిద్రపోకుండా తుపాకీ గుడ్డ పెట్టి తుడుచుకుంటున్నాడు. ఇక్కడ తుపాకీ లేదు. నా చీపురుకర్ర తుడుస్తున్నాడు. నువ్వు మొదలుపెట్టావు, నువ్వే తేల్చు. లాజోకి అక్రోట్లు దులపమనే చెప్పాను, ఉచితంగా వచ్చే పని ఎందుకు వదులుకోవాలి?)

* * *

లిపోవ్‌దోల్
అక్టోబరు 14

చీపురు గురికాడికి,

మచ్చ చూసొచ్చా. ఓక్ చెట్టు, వాగుకి అవతల. పందికీ చెట్టుకీ మధ్య నాలుగు బళ్ళు పట్టే దూరం ఉంది. నువ్వు పైకి చెప్పుకునేదానికన్నా ఆ రోజు బాగా కొట్టావు. దండ భద్రంగా ఉంది, బారుత్ దాని మీద పడుకుంటోంది.

మొదటి వేట అయిపోయింది. మంచు కమ్మిన పొద్దు. నేను కర్ర పట్టుకుని కేకలేస్తూ తోలేవాళ్ళతో నడిచా, కాళ్ళు సాగుతాయని. నీ మాటులో ఎవర్నీ పెట్టలేదు. గెంచో ఒప్పుకోలేదు. ఖాళీగానే వదిలేశాం. పంది ఎక్కణ్ణించి తప్పించుకుపోబోయిందనుకున్నావు? సరిగ్గా అక్కణ్ణించే. మన అదృష్టం, ఇవతలి మాటులోవాడు అందుకున్నాడు.

సాయంత్రం గుడిసె ముందు గోనెపట్టా పరిచి మాంసం కుప్పలు పెట్టాం. ఎప్పటిలాగే గెంచోని వీపు తిప్పి నిలబెట్టాం. నేను ఒక్కో కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అంటుంటే వాడు చూడకుండా పేరు చెబుతున్నాడు. ఒకటి ఇటు, ఒకటి అటు, తగాదా లేకుండా పోతోంది. మంచి తొడముక్క ఉన్న కుప్ప మీద చెయ్యి పెట్టా.

"ఇది ఎవరికి?"

"దోబ్రికి" అన్నాడు.

అలవాటు. ఎన్నేళ్ళుగా అంటున్నాడు. అన్నాక వాడికే తెలిసి వెనక్కి తిరగలేదు. అలాగే కొండవైపు చూస్తూ నిలబడిపోయాడు. లాజో తనవాళ్ళతో అతిథిగా వచ్చాడు, వాడు టోపీ తీశాడు. నేనా? నేను ఉల్లిపాయలు తరగడానికి లోపలికెళ్ళా. నవ్వొచ్చిందనుకుంటున్నావా? రాలేదు.

కట్టనివాడికి వాటా లేదని రూలు ఉందిగా. చచ్చినవాడి సంగతి రూల్లో లేదు. అప్పుడు లాజో డబ్బుల కోసం టోపీ తిప్పాడు. దోబ్రి ఈ ఏడాది ఫీజు మేం కడతాం, లైసెన్సు ఉన్నవాడిగానే పోనిద్దాం అన్నాడు. జబార్కావాళ్ళు కూడా వేశారు బావా. కర్టెన్ల డబ్బులే అయ్యుంటాయి. సోమవారం నేనూ గెంచో టౌన్లో సంఘం ఆఫీసుకెళ్ళాం. అక్కడి అమ్మాయి చచ్చినవాడికి లైసెన్సు ఇవ్వం అంది. "చచ్చినవాడు అడవికి ఏం చేటు చేస్తాడమ్మా, అందరిలోకీ వాడే నిమ్మళం" అన్నా. అయితే మరణ ధ్రువపత్రం తేండి, లేదా మనిషిని తేండి అంది. మొదటిది నా దగ్గర లేదు.

అంచేత నువ్వే రావాలి. బతికి. నెలాఖరు లోపల. ఎలా వస్తావో, జనానికి ఏం చెబుతావో నువ్వే ఆలోచించు. నాకు భయంగా ఉంది. ఏడ్చినవాళ్ళందరి చేతుల్లోనూ తుపాకులున్నాయి.

లాజో ఆరోగ్యం అడిగావు. ఎద్దులా ఉన్నాడు. చెట్టెక్కి చూపించాడు.

పెన్యో

* * *

వర్నా
అక్టోబరు 20

పెన్యో,

వస్తున్నా. నలభయ్యో రోజు భోజనాలకి.

మతి సర్టిఫికెట్ ఇక్కడే తీసుకున్నా. డాక్టరమ్మ కుర్రది. ఈ వయసులో తుపాకీ ఎందుకు తాతగారూ అని కాగితం మీద రాసి చూపించింది. మా ఊళ్ళో అందరూ నేను చచ్చాననుకుంటున్నారు, నా అక్రోట్లు వేరేవాడు దులుపుతున్నాడు, అందుకని వెళ్ళాలి అన్నా. చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత వాళ్ళ తాతది కూడా మన వైపేనని చెప్పి ముద్ర కొట్టింది.

ఫీజు దోపిడీయే. ఇప్పుడూ అదే అంటున్నా. కానీ నాది నేను కట్టుకుంటా. టోపీలోది ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్. కొన్ని సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని ఆలోచించా. నేను ఫీజుకి అలిగాను గానీ అడవికి అలగలేదు.

ఎవరికీ చెప్పకు. తొడముక్క ఉప్పులో వేశారా?

దోబ్రి

* * *

వర్నా
అక్టోబరు 31

ఊళ్ళో ఉన్న బావకి, నీ సొంత మంచం మీద నుంచి నేను,

అవును, మీ రూస్కా ఇంట్లోనే ఉన్నా. ఇంకెక్కడికి పోను? నువ్వు తలుపులో నిలబడేసరికి రాదా పిన్ని చేతిలో గోధుమల గిన్నె నేల మీద పడింది చూడు, అది నాకు బాగా గుర్తు. బారుత్ ఒక్కతే తోక ఊపుకుంటూ నీ మీదికి దూకింది. మిగతావాళ్ళు సిలువ గీసుకున్నారు. గెంచో మెల్లగా నీ దగ్గరికొచ్చి నీ బుగ్గ గిల్లి చూశాడు. గిల్లి, నా వైపు తిరిగాడు. అందరూ తిరిగారు. ఆ గుడిసె కిటికీ అంత చిన్నదని నాకు అప్పటిదాకా తెలీదు. కర్టెన్లు లేకపోబట్టి దూరగలిగా. చేతిలో గరిటె బస్సెక్కాక చూసుకున్నా.

మా అక్క తిట్టి తలుపు తీసింది, తిడుతూ అన్నం పెట్టింది. చేప. రోజూ నీళ్ళ సీసాలు నాతోనే మోయిస్తోంది. సీగల్ పక్షి ఒకటి నా చేతిలో రొట్టె ఎత్తుకుపోయింది. నీ గురించి అడిగింది.

నేను దూకాక ఏం జరిగిందో రాయి. లైసెన్సు కట్టావా? పదిమందిమి అయ్యామా? లాజో ఏమన్నాడు? తిరిగి రావచ్చా, లేక ఇక్కడే చేపలు పట్టుకుని బతకనా?

నేరస్థుడు,
పెన్యో

* * *

లిపోవ్‌దోల్
నవంబరు 7

ఒరే పెన్యో,

ముందు లాజో సంగతి. నన్ను చూసి కుర్చీలో కూలబడ్డాడు. తేరుకున్నాక మొదటి మాట, తను చెట్టుని కొట్టానన్నది రద్దు అన్నాడు. చచ్చినవాడికిచ్చిన మాట బతికినవాడికి చెల్లదట. గెంచో, మిగతావాళ్ళు ఒప్పుకోలేదు, అందరూ విన్నారు, చెట్టుకి మచ్చ ఉంది. గంటసేపు అరుచుకున్నాం. నాకు సగమే వినపడింది గానీ చాలా హాయిగా ఉంది. అక్రోట్లు మాత్రం శుభ్రంగా ఎండబెట్టాడు. ఒక సంచి ఇచ్చి పంపాను.

మర్నాడు టౌనుకెళ్ళి నా ఫీజు కట్టా. ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి, రసీదు చేతిలో పెట్టి, "జాగ్రత్త తాతగారూ" అంది.

ఇప్పుడు నీ సంగతి. వర్నాలో పనిలేక నీ ఉత్తరాలు మళ్ళీ మళ్ళీ చదివేవాణ్ణి. అందరూ తుపాకులెత్తితే నువ్వు గరిటె ఎత్తావు. అందరూ మాటుల్లో నిలబడితే నువ్వు కర్రతో నడిచావు. కుప్పలన్నిటి మీదా చెయ్యి పెట్టావు గానీ నీ పేరు గెంచో పిలిచినట్టు ఎక్కడా రాయలేదు. ముప్పై ఏళ్ళుగా నీ పక్కన నడిచాను, తుపాకీ లేకుండా నువ్వు బజారుకి కూడా వెళ్ళవు. ఊళ్ళో దిగగానే గీనాని అడిగా. తను మిరపకాయల సీసా మూత తిప్పుతూ తిప్పుతూ ఏడ్చేసింది. ఈ ఏడు నువ్వు కట్టలేకపోయావని, లైసెన్సు లేదు కాబట్టి తుపాకీ ఠాణాలో పెట్టి వచ్చావని, అక్టోబరు నెలాఖరు లోపల ఎలాగో సర్దుతానని గెంచోతో గడువు పెట్టించుకున్నావని చెప్పింది.

పదోవాడు నేను కాదురా. నువ్వు.

నాకు ఒక్క ముక్క రాయొచ్చుగా? ఎక్కడ రాస్తావు. స్తంభాలన్నిటికీ నా మొహం అంటించడానికి నీకు సిగ్గు లేదు గానీ ఇది చెప్పడానికి వచ్చింది.

గుడిసెలో అందరి ముందూ చెప్పా. టోపీ ఇంకా బల్ల మీదే ఉంది, డబ్బులు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. లాజో దాన్ని గెంచో వైపు తోశాడు. "ఎలాగూ వేసిన డబ్బు. వీడు కాకపోతే ఇంకో శవానికి కట్టండి" అన్నాడు. నీ పేరున కట్టేశాం. రసీదు గీనా దగ్గరుంది. పదిమందిమి. లాజో ఇంకో అర్జీ రాశాడట, అది కూడా ముక్కుకే పనికొస్తుంది.

అయితే శిక్ష లేకుండా వదిలెయ్యలేదు. స్తంభాలకి కొత్త నోటీసులు వచ్చాయి. ప్రింటు కొట్లో అదే అమ్మాయి. నీ పెళ్ళినాటి ఫోటో, చెవులు రెండూ బాగా కనిపించేది:

"తీరని సంతోషంతో తెలియజేయునది. పెన్యో స్తోయ్నెవ్ గారి నాలుక, దీర్ఘకాలం అతిగా వాడటం వలన..." మిగతాది చీమల బారు. ఎవరూ చదవరు.

నిన్న రెండో పంది పడింది. నా మాటులోనే. గాలి తిరిగాక చెట్టుకి అటువైపు మారా. సాయంత్రం కుప్పలు పెట్టాం. ఈసారి నేను వీపు తిప్పి నిలబడ్డా, గెంచో చెయ్యి పెట్టాడు. మెడ దగ్గర మాంసం, నీకిష్టమైనది ఉన్న కుప్ప అది. కాస్త అటు తిరిగి చూశాలే, నా చెవులు వినవు కదా, చూడకపోతే ఎలా?

"ఇది ఎవరికి?"

నీ పేరు చెప్పా. ఉప్పులో ఉంది. బతికి వచ్చి తీసుకో.

దోబ్రి

* * *

వర్నా
నవంబరు 12

బావా,

ఆదివారం బస్సుకి వస్తున్నా. ఆ పెళ్ళి ఫోటో నోటీసు ఒక్కటి పీకి దాచు, గీనా నన్ను ఎందుకు చేసుకుందో నేనే మర్చిపోయా.

నీ ఉత్తరం మా అక్క పైకి చదివింది. మధ్యలో ఆగింది. నేను నీళ్ళ సీసాలు తెస్తానని కిందికెళ్ళా, తెచ్చినవి ఉండగానే.

టోపీలో ఎవరెంత వేశారో చెప్పకు. వేసినవాళ్ళు ఎవరో మాత్రం చెప్పు. వాళ్ళలో ఎవరు పోయినా నోటీసు నేనే రాస్తా, మంచిగా, లావు అక్షరాల్లో.

రాదా పిన్నికి చెప్పు, నాకని గోధుమలు ఉడికిస్తే ఈసారైనా పంచదార సరిగ్గా వెయ్యమని.

గరిటె తెస్తున్నా.

పెన్యో